అమలమ్మ కొప్పులో నెట్టు

పటమటలో జక్కయ్యగారింట్లో పొద్దున్నే జరిగే మొదటి పని అమలమ్మగారి తల దువ్వడం. కోడలు మార్త కాఫీ గ్లాసులు కడిగేసి, కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వరండా గట్టు మీద కూర్చునేది. అత్తగారు ఆవిడ ముందు మెట్టు మీద కూర్చునేది. కొప్పు విప్పి దువ్వెన పెట్టగానే ముందు రేడియో రాలేది. వరిలో ఆకుముడతకి ఏ మందు కొట్టాలో సగం, మచిలీపట్నం వాతావరణం ముప్పాతిక, ఎప్పటిదో క్రికెట్ కామెంటరీలో రెండు ఓవర్లు. ఇంకా లోపల చిక్కు తీస్తుంటే వెనక వాటాలో అద్దెకుండే శౌరమ్మ కార్డ్‌లెస్ ఫోను మాటలు బయటపడేవి. మార్త మర్యాదస్తురాలు. ఒకరి మాటలు మనం వినకూడదని అప్పుడు గట్టిగా కీర్తన అందుకునేది.

గాలిలో పోయే తరంగం ఏదైనా సరే, అమలమ్మగారి కొప్పులో చిక్కుకుంటుంది. అంతే. కొందరిని దోమలు ఎక్కువ కుడతాయి చూడండి, అలాంటిదే. వీధిలో అందరికీ తెలుసు. శౌరమ్మ అయితే పనిగట్టుకుని వచ్చి అడిగేది.

"అత్తా, నిన్న మా తమ్ముడు పెళ్ళి తారీకు చెబుతుంటే ఫోను తెగిపోయింది. మీ దగ్గరేమన్నా ఉందా?"

"ఉండే ఉంటుంది, దువ్వనీ. ఎడంవైపు బరువుగానే ఉంది."

ఇలా హాయిగా జరిగిపోతున్న ఇంటికి రెండువేల తొమ్మిదిలో బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మోడెం హాల్లో ఫోను పక్కన పెట్టారు. ఫోను పక్కనే అమలమ్మగారి మంచం. కంప్యూటరేమో మేడమీద, మనవరాలు కృప గదిలో. నెట్టు గాలిలోంచే మేడెక్కాలి. ఇక చూస్కోండి.

కృప ఆ ఏడే డిగ్రీ అయింది. కంప్యూటరు ఆటలంటే ప్రాణం. ఆడడం కన్నా ఆటలో తప్పులు పట్టడం ఇంకా ఇష్టం. గోడలోకి దూరిపోయే మనిషినీ, నేలకి జానెడు ఎత్తున నిలబడ్డ చెట్టునీ చూసి మిగతావాళ్ళు నవ్వేసి ఊరుకుంటే, ఈ పిల్ల నోటుబుక్కు తీసి ఎన్నో మలుపులో, ఏ మీట నొక్కితే అలా అయిందో రాసుకునేది. కానీ ఆట సాగితే కదా! మేడమీద బండి రయ్యిమని పోతుంటే, కింద నాయనమ్మ ఒత్తిగిలేది. నెట్టంతా వెళ్ళి కొప్పులో పడేది. బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది.

"నాయనమ్మా, తల కదపకు!" అని మేడమీంచి కేక.

"ఎంతసేపే? మెడ పట్టేస్తోంది. నీ ఆటకి నా తలకాయే దొరికిందా!"

ఈ గోల చూడలేక మార్త తమ్ముడు నతానియేలు ఒకరోజు రెండు తెల్లటి డబ్బాలు పట్టుకొచ్చాడు. గవర్నర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. డబ్బాలు గుప్పెట్లో పట్టేంత ఉన్నాయి.

జక్కయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంటి బావమరిదీ, దోమల మందు మెషీనా?"

"కాదు బావా. ఒకటి మోడెం పక్కన ప్లగ్గులో పెడతాం. రెండోది పైన కంప్యూటరు పక్క ప్లగ్గులో. నెట్టు గోడలోని కరెంటు తీగల్లోంచే పోతుంది. గాలితో పని లేదు. అత్తయ్యగారి కొప్పుతో అసలే లేదు."

జక్కయ్య ఆటోనగర్‌లో పాతికేళ్ళుగా లారీలకి వైరింగు చేస్తున్నవాడు. ఊరికే నమ్మేస్తాడా? "కరెంటు పోయే తీగలోనే నెట్టా? దారేదయ్యా తప్పుకోవడానికి?"

"లారీ పోతోందని అదే రోడ్డు మీద సైకిలు పోవడం మానేసిందా బావా?"

ఈ మాట జక్కయ్యకి నచ్చింది. నతానియేలు రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఒకటి, మిక్సీ తిరుగుతుంటే తీగలో రొద పుట్టి నెట్టు తడబడుతుంది. రెండు, కింద ఇల్లూ మేడా ఒకే ఫేజు మీద ఉండాలి. వేరే వేరే ఫేజులైతే ఒక డబ్బా మాట రెండోదానికి అందదు. వీధిలో కరెంటు మూడు ఫేజులుగా వస్తుంది కదా. ఒక ఫేజు పోతే ఇంకోదానికి మార్చుకోవడానికి మీటరు పెట్టెలో కిందింటికొక స్విచ్చి, మేడకొక స్విచ్చి ఉన్నాయి. జక్కయ్య రెండింటినీ ఒకటో ఫేజు మీద పెట్టాడు. అంతే, మేడమీద ఆట జలజలా సాగింది. అమలమ్మగారు ఆ పూట మూడుసార్లు ఒత్తిగిలి చూసి, "ఏమీ ఆగలేదా?" అంది. కొంచెం చిన్నబోయింది కూడా.

సరిగ్గా అప్పుడే హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి టెస్టర్లు కావాలని ప్రకటించింది. కొత్త ఆటలో తప్పులు పట్టే ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేయొచ్చు. శనివారం పదింటికి ముప్ఫై మంది నెట్టులో కలిసి ఘాట్‌రోడ్డు లారీపందెం గంటసేపు ఆడాలి. తర్వాత కనబడ్డ తప్పులన్నీ రాసి పంపాలి. నెట్టు రెండు నిమిషాలకు మించి తెగితే పేరు కొట్టేస్తారు.

"ఇదే ఆఖరు," అన్నాడు జక్కయ్య. "ఇది రాకపోతే సోమవారం బి.ఇడి.లో చేరుతున్నావు. మాట తప్పకూడదు."

"సరే నాన్నా," అంది కృప. ఆ పిల్లకి పాఠాలు చెప్పడమంటే భయం.

శనివారం ఇల్లంతా పరీక్ష రాస్తున్నట్టే ఉంది. మార్త మిక్సీ ప్లగ్గు పీకి కొంగులో ముడేసుకున్నంత పని చేసింది. వెనక వాటాలో శౌరమ్మ అట్లపిండి రుబ్బురోట్లో రుబ్బుతూ, "ఈ పిల్ల ఉద్యోగమేమో గానీ నా భుజాలు పోయేట్టున్నాయి," అని నవ్వింది. మేడమీద కృప లారీ నాలుగో స్థానంలో కొండ ఎక్కుతోంది.

పదీ నలభైకి ఒకటో ఫేజు పోయింది.

వీధిలో ఫేజు పోతే విజయవాడ మనిషి ఆలోచించడు, చెయ్యి ఆలోచిస్తుంది. జక్కయ్య ఒక్క ఉరుకులో మీటరు పెట్టె దగ్గరున్నాడు. లోడంతా ఒక్క ఫేజు మీద వెయ్యకూడదని పాతికేళ్ళ అలవాటు. కిందిల్లు రెండో ఫేజుకి, మేడ మూడో ఫేజుకి తిప్పాడు. అన్ని లైట్లూ వెలిగాయి. ఫ్యాన్లు తిరిగాయి. తన చురుకుకి తానే మురిసిపోయి, పెట్టెకి తాళం వేసి, చెవి జేబులో పడేసుకుని, స్కూటరెక్కి ఆటోనగర్ వెళ్ళిపోయాడు.

"అమ్మా! నెట్టు రావట్లేదే!" మేడమీంచి కృప కేక. కంప్యూటరు యు.పి.ఎస్. మీద బతికే ఉంది. తెర మీద, పేరు కొట్టేయడానికి ఇంకెన్ని సెకన్లుందో చూపించే అంకె నూట ఇరవై నుంచి తగ్గుతోంది.

మార్త పెట్టె దగ్గరికి పరుగెత్తింది. తాళం. "మీ నాన్న రెండు ఫేజులు చేశారే! చెవి జేబులో పెట్టుకుపోయారు!"

"తొంభై ఉందమ్మా!"

మంచం మీంచి అమలమ్మగారు మోడెం వైపు చూసింది. దాని దీపాలు ఒక్కోటీ వెలుగుతున్నాయి. తలలో చల్లగా పాకినట్టయింది. కొప్పు చేత్తో తడిమి చూసుకుంది. నెట్టుతో బరువెక్కింది.

"మార్తా, రెక్క పట్టుకో. మేడెక్కాలి."

"మీరా అత్తయ్యా? మోకాళ్ళు..."

"మోకాళ్ళ సంగతి రేపు మాట్లాడదాం."

ఒక రెక్క మార్త, ఇంకో రెక్క పిండిచేతుల శౌరమ్మ. పద్నాలుగు మెట్లు. అమలమ్మగారు ఆ మెట్లెక్కి ఆరేళ్ళయింది. మెట్టుకొక 'మరియమ్మ తల్లీ' అనుకుంటూ ఎక్కింది. గదిలోకి వచ్చేసరికి అంకె తొమ్మిది. ఆవిడ కృప కుర్చీ వెనక నిలబడి పిన్నులు లాగేసి జుట్టు విదిలించింది.

నెట్టు వచ్చింది. ఒక్క నెట్టేనా? కొప్పులో ఉన్నదంతా వచ్చింది. ఘాట్‌రోడ్డు మీద పోతున్న ముప్ఫై లారీల్లోనూ ఆకుముడత మందు సంగతి మోగింది. మచిలీపట్నంలో ఓ మోస్తరు వాన పడుతుందంటే, ఆటలో మూడో మలుపు దగ్గర నిజంగానే వాన పడింది. శౌరమ్మ తమ్ముడు ఎవరికో పెళ్ళిభోజనం వంటలన్నీ చదివాడు. "అయ్యో, గుత్తివంకాయ కూడా చెప్పాడా!" అంది శౌరమ్మ సంతోషంగా. లారీలన్నీ పక్కకి తీసి ఆగి విని, మళ్ళీ బయల్దేరాయి. కృప లారీ ఇరవయ్యారోదిగా చేరింది.

మధ్యాహ్నం జక్కయ్య వచ్చి సంగతి విని తలపట్టుకుని కూర్చున్నాడు. కృపతో మెల్లిగా అన్నాడు: "తప్పులు రాసేప్పుడు ఆ వానా, ఆ వంకాయా రాయకమ్మా. మన వల్లే ఆట పాడైందని తెలిస్తే ఉన్న ఆశ కూడా పోతుంది."

"తప్పు కనబడితే రాయాలి నాన్నా. నా పని అదే కదా."

రాసింది. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వాన మొదలైందో, లారీలు ఎంతసేపు ఆగాయో రాసింది. కారణం అన్నచోట 'మా నాయనమ్మగారి కొప్పు' అని రాసింది. మళ్ళీ జరగాలంటే ఏం చేయాలి అన్నచోట 'పిన్నులు తీసి జుట్టు విదిలించాలి' అని రాసి, కళ్ళు తుడుచుకుని పంపేసింది.

ఆదివారం గుడి నుంచి వచ్చి అన్నాలు తింటుంటే ఫోను మోగింది. హైదరాబాదు నుంచి.

"కృపగారేనా అండీ? ఆ వాన గురించి ముప్ఫై మందిలో పదకొండు మంది రాశారు. మిగతావాళ్ళు వాన ఆటలోదే, మాటలు తమ రేడియోలోవే అనుకున్నారట. ఎక్కడ్నించి వచ్చిందో రాసింది మాత్రం మీరొక్కరే. మాదో సందేహం. అది మళ్ళీ చేసి చూపించగలరా?"

"చూపించగలం సార్. కానీ మా నాయనమ్మ మెట్లెక్కాలి."

"అయ్యో, పెద్దావిణ్ణి తొందరపెట్టకండి. రేపు పదింటికి ఉద్యోగంలో చేరండి. ఆవిడ వీలు చూసుకునే చేద్దాం."

కృప ఫోను పెట్టేసి చెప్పింది. అమలమ్మగారు మజ్జిగన్నం కలుపుకుంటూ, "ఆ మేడమీద గదిలో గాలి బాగుందిరా. కిటికీలోంచి గుణదల కొండ మీద సిలువ కూడా కనబడుతోంది," అంది.

జక్కయ్య చెయ్యి కడుక్కుని హాల్లోకి వెళ్ళాడు. తల్లి మంచం మీది పరుపు చుట్టి భుజాన వేసుకుని, మంచానికి ఒక కొస ఎత్తి పట్టుకున్నాడు.

"కృపా, అటు కొస పట్టుకో. మెట్ల మలుపు దగ్గర గోడకి తగలకుండా చూడు."