బాలరాజు ఎత్తిన ఫోన్లు

భవిత కాలేజీ బస్సెక్కిపోయాక రోజారాణి అంట్లు తోమి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి వచ్చేది. గుండ్లపోచంపల్లిలో వాళ్ళు అద్దెకుండే వాటాలో సిగ్నల్ సరిగ్గా అందేది అక్కడే. మూడో మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుంటే ఉద్యోగాల సైట్ తిరిగి తిరిగి ఎలాగో తెరుచుకునేది. కొత్త ఉద్యోగాలు రెండువందల పద్నాలుగు అనో, మూడువందల రెండు అనో పైన నీలం అక్షరాల్లో కనిపించేది. అన్ని ఉద్యోగాలున్న ఊళ్ళో తనకొక్కటి దొరకదా అనుకుంటూ ఆమె పై నుంచి కిందికి చదువుకుంటూ పోయేది.

ఈ చదవడం ఆమెకు నాలుగు నెలల నుంచే అలవాటు. అంతకుముందు పదిహేడేళ్ళు దూలపల్లిలో ఇంజక్షన్ల కంపెనీకి వెళ్ళింది. లైటు ముందు కూర్చుని ఒక్కో సీసా ఎత్తి, నల్ల బోర్డుకు ఎదురుగా ఒకసారి, తెల్ల బోర్డుకు ఎదురుగా ఒకసారి తిప్పి చూసి, లోపల నూలుపోగో గాజు నలుసో ఉంటే పక్కన పెట్టడం ఆమె పని. మొన్న చలికాలంలో కంపెనీ కెమెరాల మిషన్ తెచ్చింది. అది నిమిషానికి మూడువందల సీసాలు చూస్తుంది. ఆ సెక్షన్‌లో ఉన్న తొమ్మిదిమంది ఆడవాళ్ళనూ ఒకే రోజు పిలిచి, సంతకాలు పెట్టించుకుని, తలా ఒక స్వీటు డబ్బా చేతిలో పెట్టి పంపేశారు.

సైట్‌లో ఆమె వివరాలు పెట్టింది కూతురే. పేరు, వయసు నలభై ఒకటి, చదువు పదో తరగతి. మీకు ఏమేం వచ్చు అని అడిగిన గడి దగ్గర తల్లీకూతుళ్ళిద్దరూ చాలాసేపు ఆగిపోయారు. చూడటం వచ్చు అని రాస్తే బాగుండదని భవిత చివరికి నాణ్యత పరిశీలన అని రాసింది. ఆ కింద, ఇంతకుముందు పనిచేసిన చోట మీ పై అధికారి పేరూ నంబరూ ఇవ్వమని ఉంది.

ఆ పై అధికారి బాలరాజు. సెక్షన్ సూపర్‌వైజరు, రోజారాణి భర్త. మూడేళ్ళ కింద మేడ్చల్ బస్టాండులో టీ తాగుతూ తాగుతూ గుండె పట్టుకుని కూలబడి, ఆసుపత్రికి చేరకముందే పోయాడు. భవిత రాయడం ఆపి తల్లి మొహంలోకి చూసింది.

"అడిగింది మా సారెవరని. ఉన్నదే రాయి" అని రోజారాణి నంబరు చెప్పింది.

పదిరోజులకు మొదటి ఫోన్ వచ్చింది. హైవే పక్కన గోదాములో సామాన్లు స్కాన్ చేసే పని. అక్కడి హెచ్ఆర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. బాలరాజు సార్‌తో మాట్లాడామనీ, పని బాగా చేస్తుందని చెప్పాడనీ, కానీ కుడి మోకాలు నొప్పి, పది గంటలు నిలబడలేదని కూడా అన్నాడనీ, తమది నిలబడి చేసే పని కాబట్టి ఏమీ అనుకోవద్దనీ చెప్పి పెట్టేసింది.

రోజారాణి మోకాలు రుద్దుకుంది. ఈ ఒక్కసారికి మోకాలి సంగతి దాస్తే ఆయన సొమ్మేం పోయిందని మనసులో విసుక్కుంది. సాయంత్రం భవిత వచ్చి సంగతి విని, భుజం మీది బ్యాగు కూడా దించకుండా, "బాపు గొంతు ఎట్లున్నదట?" అంది. ఆ మాట అడగనే లేదని రోజారాణికి అప్పుడు తట్టింది.

బాలరాజు ఫోన్ చార్జింగ్ లేక బీరువాలో చీరల కింద పడి ఉంది. సిమ్ము ఎప్పుడో కట్టయింది. అయినా ఇద్దరూ ఆ నంబరుకు చేసి చూశారు. స్విచాఫ్ అని వచ్చింది. పై వాటా సత్యమ్మకు ఈ విషయం తెలిసి, "ఉన్నప్పుడు ఇంటి ఫోన్ ఎన్నడన్న ఎత్తిండా? కంపెనీ ఫోనైతేనే ఎత్తుతుండె" అంది. అది నిజమే. భవిత పుట్టిన రోజు ఆసుపత్రి నుంచి ఆరుసార్లు చేసినా ఆయన ఎత్తలేదు. డ్యూటీలో సొంత మాటలు మాట్లాడొద్దని సెక్షన్ గోడకు కాగితం అంటించింది ఆయనే.

తర్వాత మేడ్చల్‌లో మాత్రల కంపెనీ వాళ్ళు చేశారు. ఆమెకు నైట్ డ్యూటీ వేయొద్దు, వేస్తే తెల్లారి తలనొప్పితో లేవదు అని సార్ చెప్పాడట. కొంపల్లి కాల్ సెంటర్ వాళ్ళతో, మనిషి మంచిదే గానీ అవతలివాళ్ళు గట్టిగా మాట్లాడితే ఫోన్ పెట్టేస్తుంది అన్నాడట. చెప్పిన ప్రతిదీ నిజమే. ఆ నిజాల మూలంగా మూడు ఉద్యోగాలు పోయాయి.

భవితకు కోపం వచ్చింది. బాపు దగ్గర పనిచేసిన కుమార్ తన నంబరు ఇమ్మన్నాడనీ, ఏం చెప్పమంటే అది చెబుతాడనీ, నంబరు మార్చమనీ పోరుపెట్టింది. రోజారాణి మారుస్తానంది. మార్చలేదు.

ఎందుకంటే రెండో ఫోన్ నుంచి ఆమె అడగడం మొదలుపెట్టింది. సార్ ఎట్ల మాట్లాడిండు, దగ్గుతున్నడా, ఇంకేమన్న అన్నడా అని. మాత్రల కంపెనీ అమ్మాయి గుర్తు తెచ్చుకుని, మీ దగ్గర క్యాంటీన్‌లో అన్నం వేడిగా పెడతారా అని అడిగారండీ అంది. కాల్ సెంటర్ అబ్బాయి, వెనక నుంచి సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపించిందన్నాడు. ఆ ఒక్క మాటతో రోజారాణికి నాలుగు రోజులు గడిచాయి. ఇల్లు ఊడుస్తున్నా, బియ్యం కడుగుతున్నా చెవిలో అదే చప్పుడు.

ఆ తర్వాత ఆమె ఏది కనిపిస్తే దానికి అప్లై చేసింది. యాప్రాల్‌లో సివిల్ ఇంజినీరు, కౌకూర్‌లో హోటల్ వంటమనిషి, బస్సుల మేనేజరు, జర్మన్ భాష టీచరు. చాలామంది పలకలేదు. కొందరు మాత్రం ముందు సార్‌కు చేసి, తర్వాత ఆమెకు చేసేవాళ్ళు. మీకు జర్మన్ రాదని మీ సార్ చెప్పారు మేడమ్ అని ఒకాయన నవ్వాడు. హోటల్ ఆయనతో, వంట బాగుంటుంది గానీ పప్పులో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ వేస్తుంది అన్నాడట. ఆ రోజు పప్పులో ఆమె ఆ చిటికెడు ఎక్కువే వేసి, తనొక్కతే కూర్చుని తిన్నది.

ఎండలు ముదిరేసరికి మాటలు మారాయి. గొంతు సరిగ్గా వినిపించలేదు, రెండుసార్లు అడగాల్సొచ్చింది అని ఒకరన్నారు. మీ సార్‌కు ఒంట్లో బాగాలేదా, చాలా అలసిపోయినట్టున్నారు అని ఇంకొకరు. ఆ మాట విన్నాక రోజారాణి ఒక రోజంతా ఫోన్ ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున మెట్టు మీద కూర్చుని నాలుగింటికి అప్లై చేసింది.

ఆదివారం మధ్యాహ్నం భవిత ఏదో చూద్దామని తల్లి ఫోన్ తీసింది. సైట్‌లో అప్లై చేసినవి ఎనభై మూడు ఉన్నాయి. జర్మన్ టీచరు, డ్రైవరు, ఈత నేర్పే మాస్టరు. ఒక్కొక్కటీ వేలితో జరుపుకుంటూ చివరిదాకా చూసింది. రోజారాణి ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"నువ్వు పని ఎతుకుతలేవమ్మా. బాపును ఎతుకుతున్నవ్."

రోజారాణి చేతిలోని చున్నీని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "నీకు ఇనబుద్ధి కాదా?" అంది.

"అయితది. నాకు గూడ అయితది." భవిత ఫోన్ కింద పెట్టింది. "కాలేజి బంద్ వెడ్తున్న. కొంపల్లిల బట్టల షాపుల రమ్మన్నరు, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి. ఇద్దరిట్ల ఒకరన్న పని చెయ్యాలె గదా."

కూతురి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే రోజారాణి ఏదో ఒకటి అనేది. ఇంకొక్క ఏడాదైతే డిగ్రీ చేతికొచ్చే పిల్ల అలా నెమ్మదిగా చెప్పేసరికి, మడత పెట్టిన బట్టల్లోంచి ఆమె కూతురి కాలేజీ డ్రెస్సులు తీసి విడిగా పెట్టింది.

మర్నాడు, ఇన్నాళ్ళకు మళ్ళీ, ఆమె సైట్‌ను పని కోసం చదివింది. ఎంత చదివినా అవే గోదాములు, అవే నైట్ డ్యూటీలు. మూడో రోజు ఒకటి దొరికింది. శామీర్‌పేటలో విత్తనాలు పరీక్ష చేసే ల్యాబు. మంచి చూపున్నవాళ్ళు కావాలి, కూర్చుని పని, పగటి పూట. విత్తనాల గురించి ఆమెకేమీ తెలియదు. అయినా పదిసార్లు చదివింది. నంబరు గడిలో బాలరాజుది చెరిపి కుమార్‌ది కొట్టింది. కాసేపు దాన్నే చూసింది. మళ్ళీ చెరిపి పాతదే రాసి పంపింది. పంపాక భయం వేసింది. నిజంగా కావాలనుకున్న పని ఇదొక్కటే, దీనికి ఆయన ఏం చెబుతాడోనని.

వారానికి రమ్మని పిలుపొచ్చింది. మేడ్చల్‌లో బస్సు మారి శామీర్‌పేటలో దిగి, అడుగుతూ అడుగుతూ ల్యాబుకు చేరింది. అక్కడ అన్నీ చూసుకునే పెద్దావిడ జానకీదేవి. భీమవరం వైపు మనిషి, అరవైకి దగ్గర. ఏమీ అడగకుండా తెల్ల బల్ల మీద దోసెడు వడ్లు పోసి, ఇందులో ఉండకూడనివి ఏరమంది.

రోజారాణి బల్ల మీదికి వంగింది. మొదట గడ్డి గింజలు, మట్టి బెడ్డలు పక్కకు వచ్చాయి. తర్వాత విరిగిన గింజలు. అంతా అయిందనుకున్నాక ఆమె ఇంకోసారి చూసి, మామూలు వడ్లలాగే ఉన్న ఏడు గింజలను విడిగా జరిపింది. ఇవి వేరే జాతి మేడమ్, కొన కొంచెం మొద్దుగున్నది అంది. జానకీదేవి భూతద్దం తెచ్చి ఏడింటినీ చూసింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మీ బాలరాజు గారితో మాట్లాడానండి, ముప్పావుగంట. మాట బాగా దూరంగా ఉంది. ప్రతిదీ మళ్ళీ అడిగి రాసుకున్నాను" అని ఒక నోటు పుస్తకం తెరిచింది. మోకాలూ, తలనొప్పీ అన్నీ చెప్పాడట. కూర్చుని చేసే పగటి పనే కాబట్టి ఇబ్బంది లేదన్నాడట. "తర్వాత ఒక మాట చెప్పారు. అది మీకు కూడా చెప్పమన్నారు. పన్నెండేళ్ళ కిందట పిల్లల ఇంజక్షన్ల బ్యాచ్ ఒకటి లారీ ఎక్కకుండా ఆపారటగా, సీసాల లోపలి గాజు పొర ఊడుతోందని?"

రోజారాణి తల ఊపింది.

"అది పట్టుకున్నది తను కాదన్నారు, మీరన్నారు. రిపోర్టులో తన పేరు రాసుకున్నారట. సూపర్‌వైజరు ఉద్యోగం దాంతోనే వచ్చిందట. రాస్తున్నప్పుడు మీరు పక్కనే ఉండి చూశారనీ, ఇంటికెళ్ళాక కూడా ఏమీ అనలేదనీ చెప్పారు. మీరు అడుగుతారేమో అని చాన్నాళ్ళు చూశారట."

ఆ రోజు రోజారాణికి బాగా గుర్తుంది. కంటికి ఆనని గాజు పొర, సీసాను తిప్పి ఆపితే మంచులా కిందికి దిగేది. పరుగెత్తి ఆయనకే చూపించింది. ఆయన రిపోర్టు ఫారం మీద ముందు ఆమె పేరులో మొదటి అక్షరం రాశాడు. కలం ఆగింది. దాన్ని తన పేరుగా దిద్దుకున్నాడు. ఒకే ఇంటి మనుషులం, ఎవరి పేరైతేనేం అని ఆమె వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఆ మరుసటి రోజు నుంచి ఆయన సెక్షన్‌లో ఆమె మొహం చూసి మాట్లాడటం తగ్గించాడు. పెళ్ళానికి అలుసిస్తున్నాడని నలుగురూ అనుకోకూడదని అలా ఉంటున్నాడనుకుంది. పన్నెండేళ్ళూ అలాగే అనుకుంది. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే ఆ మనిషి కొంచెం తేలికపడేవాడేమో.

"ఇంకేమన్న అన్నడా మేడమ్?"

జానకీదేవి పుస్తకం మూసింది. "తన నంబరు తీసెయ్యమన్నారండి. ఒక్కో ఫోన్‌కూ చాలా దూరం నడిచి రావాల్సి వస్తోందట. మోగితే ఎత్తకుండా ఉండలేనన్నారు."

విత్తనాల పని తెలియదు కాబట్టి కూర్చుని సంచుల చీటీలు రాసే పనికి తీసుకుందామనుకుని ఆమెను పిలిపించామనీ, ఇప్పుడు బల్ల దగ్గరే కూర్చోబెడుతున్నామనీ జానకీదేవి చెప్పింది. ఇక్కడ ఎవరు చూసిన గింజల కాగితం మీద వాళ్ళే సంతకం పెట్టాలి, మూడు నెలలు నేర్చుకుంటే ఆమెకూ ఆ హక్కు వస్తుందంది. రోజారాణి అన్నిటికీ సరేనంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మేడ్చల్ వచ్చేదాకా కొంగు మొహం మీది నుంచి తీయలేదు.

ఇంటికి రాగానే భవితకు అంతా చెప్పింది, ఏదీ దాచకుండా. భవిత అంతా విని, "మరి నువ్వేమంటవ్ బాపును?" అని అడిగింది. రోజారాణి తెల్వదంది. బట్టల షాపు వాళ్ళకు రానని చెప్పమంది.

సోమవారం ఆమె పనిలో చేరింది. మధ్యాహ్నం బల్లల పక్క గదిలో అన్నం డబ్బా విప్పుతుంటే ఫోన్‌లో సైట్ నుంచి కబురొచ్చింది. మీకు ఉద్యోగం దొరికిందా అని ఉంది. లేదు అని నొక్కితే మీ వివరాలు కంపెనీలకు పంపుతూనే ఉంటాం, అవును అని నొక్కితే తీసేస్తాం అని ఉంది.

ఆయనకు చెప్పాల్సినవి పొద్దటి నుంచే పోగయ్యాయి. పిల్ల మళ్ళీ బస్సెక్కిందని, ఇక్కడ అన్నం వేడి చేసుకోనిస్తారని. ఆ పాత సంగతికి జవాబు కూడా రాత్రి తెల్లవార్లూ ఆలోచిస్తే దొరికింది, చిన్నదే, రెండు మాటలు. లేదు అని నొక్కితే ఎవరో ఒకరు చేస్తారు. వాళ్ళను బతిమాలి ఆ రెండు మాటలూ ఆయన చెవిన వేయించొచ్చు. ఒక్క ఫోన్. ఒక్కసారి నడిచొస్తే చాలు ఆయన.

ఆమె వేలు చాలాసేపు గాల్లోనే ఉంది. తర్వాత అవును అని నొక్కింది. ఖాయమేనా అని మళ్ళీ అడిగితే మళ్ళీ నొక్కింది.

పక్క బల్ల పార్వతీదేవి చేయి కడుక్కుని వస్తూ, "ఇంటి నుంచా అక్కా ఫోన్?" అని అడిగింది.

"ఆఁ" అంది రోజారాణి. "పెట్టేసిన."