ఇద్దరు మేస్త్రీలు కట్టిన గుడి

ఇట్లా రా, నా పక్కన కూర్చో. ఆ కిటికీ రెక్క కూడా మూసెయ్, గాలి హోరులో నా మాట నీ చెవిన పడదు. ఇది గురజాల పక్కన మన పేటలో ఏసు ప్రార్థనల గుడి కట్టిన నాటి ముచ్చట. పెద్ద యుద్ధం ఆగిన మరుసటి ఏడు.

ఆ గుడికి ఇద్దరు మేస్త్రీలు. ఒకరు అలీ సాహెబ్. గురజాల నుంచి సత్తెనపల్లి దాకా ఎక్కడ మంచి కమాను కనబడినా “ఇది సాహెబ్ చేతిదేనా?” అని అడిగేవారు. రెండోవాడు దేవదాసు. పేటవాడే. మద్రాసులో పెద్ద పెద్ద మేడలకు పనిచేసి, సిమెంటులో ఇనుము పెట్టి కట్టే విద్య నేర్చుకొచ్చాడు. అతని పేరు కూడా అప్పుడప్పుడే నలుగురి నోళ్లలో పడుతోంది. గుడి లోపలి భాగం సాహెబ్‌కూ, ముందు పంచ దేవదాసుకూ అప్పజెప్పారు పెద్దలు.

దేవదాసు అక్క మార్తమ్మ. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. మిద్దె కొట్టే ఆడవాళ్ల జట్టుకు ఆమే పెద్ద. మిద్దె కొట్టడమంటే నీకేం తెలుసులే! పైకప్పు మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపి పోసేవారు. ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, కరక్కాయ నీళ్లు చల్లుకుంటూ, పాట పాడుకుంటూ కొయ్యకర్రలతో కొట్టేవారు. కొట్టిన కొద్దీ అది రాయిలా బిగిసేది.

సాహెబ్ కమాన్లు ముందుగా లేచాయి. రాయి భుజం మీద రాయి చెయ్యేసుకున్నట్టు రెండు వైపుల నుంచీ పైకి వంగి, నడినెత్తిన కలుసుకున్నాయి. ఊతకర్రలు తీసేటప్పుడు కట్టిన మేస్త్రీ వాటి కిందే నిలబడాలని ఆయన పట్టింపు. తమలపాకు నములుతూ నిలబడ్డాడు. కర్రలు తీశారు. ఇసుక కూడా రాలలేదు. మార్తమ్మ తల ఎత్తి చూసి, నోరు మూయడం మరిచిపోయింది.

“ఏం మాయ చేశావు బాబాయ్?”

“మాయేముందమ్మా! ప్రతి రాయీ పడాలనే చూస్తుద్ది. పక్కది పడనియ్యదు. అంతే.”

దేవదాసు తీరే వేరు. బుట్ట అల్లినట్టు ఇనుప కడ్డీలు అల్లి, వాటి కొసలు గోడలోకి దిగేసి, చెక్కల మీద సిమెంటు పోయించాడు. గోడలోంచి గద్ద రెక్కలా ముందుకు చాచుకుని ఉంటుందట ఆ పంచ. కింద ఒక్క స్తంభమూ ఉండదట.

“ఏందిరా దాన్ని మోసేది? మద్రాసు గాలా?” అని పేటంతా ఎగతాళి.

సిమెంటు పోసిన నాడు దేవదాసు పొద్దుగూకేదాకా పనిచేసి, ఇంటికొచ్చి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. తెల్లవారగానే మార్తమ్మ, “పాపం, వాణ్ణి లేపబోకండే. మన పని మనం కానిద్దాం” అని జట్టునంతా పంచ మీదికి ఎక్కించింది. నీళ్లు చల్లారు, పాట ఎత్తుకున్నారు, కొట్టడం మొదలెట్టారు.

ఆ చప్పుడుకు దేవదాసు పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

“ఆపండే! అక్కా, ఆపు! సిమెంటును కొట్టకూడదు! కదలకుండా వదిలేస్తేనే బిగుసుద్ది!”

“మరి చెప్పలేదేందిరా?”

“మీరొచ్చి కొడతారని నేను కలగన్నానా?”

పైన వెంట్రుకంత బీటలు కనబడుతున్నాయి. లోపల ఇనుము పట్టు సడలిందో లేదో చూసే దారి లేదు. పడగొట్టి మళ్లీ పోయిద్దామంటే బెజవాడలోనే సిమెంటు దొరకని రోజులు. ఇక ఉన్నదే గట్టిపడాలని పంచ మీద మట్టిగట్లు కట్టి నీళ్లు నిలిపారు. ఆ నీళ్లు ఆరకుండా మోసింది మార్తమ్మే. మోస్తూ మోస్తూ ప్రార్థన చేసేది.

ఊతలు తీసే రోజు వచ్చింది. దేవదాసు వెళ్లి పంచ కింద నిలబడ్డాడు.

“వద్దురా తమ్ముడా, అవతలికి రా!”

“సాహెబ్ నిలబడ్డాడా లేదా? నేను రాకపోతే నా పంచ కిందికి ఇంకెవరొస్తారక్కా?”

మార్తమ్మ కొంగు బిగించి తనూ వెళ్లి అతని పక్కన నిలబడింది.

“పోవే అవతలికి!”

“పోను. కొట్టిన చెయ్యి నాది.”

ఇద్దరూ వాదులాడుకుంటుండగానే అలీ సాహెబ్ నోట్లో ఆకు ఉమ్మేసి పంచ కిందికి నడిచాడు. “జరగండర్రా. నా కమాన్ల కింద చానాసార్లు నిలబడ్డా. మోసేది లేని కప్పు కింద ఎట్టుంటుద్దో నన్నూ చూడనియ్యండి.”

ఒక్కొక్క కర్రే తీశారు. చివరిది కిర్రుమంది. మార్తమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిస్తే నెత్తిన పంచ అట్లాగే ఉంది. దాని అంచు దాటితే ఆకాశం. మధ్యలో ఏమీ లేదు.

కర్ర ఉన్నచోట ఖాళీ గాలిలో సాహెబ్ చెయ్యి ఆడించి చూశాడు.

“పక్కన రాయి లేదు, కింద స్తంభం లేదు. ఎవర్రా దీన్ని పట్టుకుంది?”

“లోపలి ఇనుము బాబాయ్. నీ రాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుని నిలబడతయ్. నా కడ్డీలు గోడలోంచి లాగి పట్టుకుంటయ్.”

సాహెబ్ చాలాసేపు పైకే చూశాడు. “బతుకంతా నెట్టడమే నేర్చుకున్నా. లాగి పట్టుకుని కూడా కట్టొచ్చన్నమాట!” అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మార్తమ్మ వెళ్లి గుడి గడప మీద కూర్చుంది. ఒక పక్క చూస్తే కమాన్లు, ఇంకో పక్క చూస్తే పంచ. రెండూ కళ్లెదుటే ఉన్నా ఆమె కళ్లకు నమ్మకం కుదరలేదు. పిలిచినా లేవలేదు. కాసేపటికి పేట జనమంతా ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి ఆమె చుట్టూ పంచ కిందే కూర్చున్నారు.

దీన్ని మనసులో పెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు ఎవరు గొప్పో తేల్చబోకు. వాళ్లను ఆ గడప మీద కూర్చోబెట్టు. ముందు లోపలికి చూడమను, తర్వాత బయటికి చూడమను. ఇద్దరి పేర్లూ కలిపి చెప్పు.