నిచ్చెన మామయ్య లేచాడు

నిచ్చెన మామయ్యని చంపింది నేనే. మళ్ళీ లేపిందీ నేనే. చంపినప్పుడు ఆఫీసుకి వచ్చిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. లేపినప్పుడు మాత్రం ఒక్కరు కూడా తిట్టలేదు. ఎవరైనా ముందే నాలుగు తగిలించి ఉంటే బాగుండేది.

పిల్లల వారపత్రికలో చివరి పేజీలు మావి. కథ నాది, బొమ్మలు మా అన్నయ్యవి. నిచ్చెన మామయ్య అంటే ఎప్పుడు చూసినా భుజాన నిచ్చెన వేసుకుని తిరిగే బక్కపలచటి మనిషి. చెట్టెక్కి దిగడం చేతకాక ఏడ్చే పిల్లి, తీగకి చిక్కుకున్న గాలిపటం, మేడ మీద తలుపు బిగుసుకుపోయి అరుస్తున్న ముసలమ్మ, ఎవరు పిలిచినా పరిగెత్తుకొస్తాడు. వచ్చాక నిచ్చెన ఒక మెట్టు తక్కువవుతుంది. అప్పుడు చూడాలి అతని తిప్పలు. "నీ కథలో ఒక మెట్టు ఎప్పుడూ తక్కువేనే" అని అన్నయ్య నన్ను ఏడిపించేవాడు. నేను ఊరుకునేదాన్ని కాదు. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. వారంలో సగం రోజులు మాకు మాటల్లేవు, మిగతా సగం రోజుల్లో పని అయిపోయేది.

ఒక ఆదివారం పొద్దున అన్నయ్య నిద్ర లేవలేదు. గుండె నిద్రలోనే ఆగిపోయిందన్నాడు డాక్టరు. అన్నయ్య కూతురు బుడ్డి అప్పటికి ఒకటో తరగతి. అది కళ్ళు నులుముకుంటూ గదిలోంచి వచ్చేసరికే ఎవరో ఎత్తుకుని పక్కింటికి తీసుకుపోయారు. తిరిగి తెచ్చేసరికి అంతా అయిపోయింది. "నాన్న ఏడే?" అని అడిగితే వదిన "పని మీద ఊరెళ్ళాడు" అంది.

మా వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. మాటకారి. అద్దాలు వద్దని గునిసే ముసలాళ్ళ చేత కూడా నవ్విస్తూ నవ్విస్తూ పెట్టించేస్తుంది. అలాంటి మనిషికి ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు పెగల్లేదు. దాంతో బుడ్డి ఎవరొచ్చినా పట్టుకోవడం మొదలుపెట్టింది. గ్యాస్ బండ తెచ్చిన అతన్ని, మీటరు చూడ్డానికి వచ్చిన అతన్ని, తలుపు తట్టి ఇల్లు తప్పొచ్చామన్నవాళ్ళని కూడా. "మా నాన్న కనబడ్డాడా అంకుల్?" వాళ్ళు వదిన వైపు చూసేవాళ్ళు. వదిన గోడ వైపు చూసేది.

"నావల్ల కావట్లేదు. నువ్వు కథలు రాసేదానివిగా, ఏదో ఒకటి చెప్పవే తల్లీ దానికి," అంది నాతో.

నాకు తెలిసింది ఒక్కటే పని. నిచ్చెన మామయ్యని చంపాను.

బొమ్మలు వేసే మనిషి లేడు కదా, ఎలాగంటారా? మా ఆఫీసులో వేళకి బొమ్మలు అందకపోతే పాతవాటిని కత్తిరించి, అతికించి, మాటలు మార్చి నడిపించేస్తాం. అదే చేశాను. అయితే అన్నయ్య ఏనాడూ చచ్చిన మొహం వెయ్యలేదు. వెతగ్గా వెతగ్గా, అన్నం తిన్నాక బల్ల మీద వాలి కునుకు తీస్తున్న నిచ్చెన మామయ్య దొరికాడు. బల్ల కత్తిరించేసి మంచం అతికించాను. నోటి పక్కనున్న గురక అక్షరాల మీద తెల్ల రంగు పూశాను. చుట్టూ ఏడుస్తున్న జనాన్ని వేరే కథలోంచి తెచ్చాను. దగ్గరకి పెట్టుకుని చూస్తే అది గాలిపటం పోయిందని ఏడ్చే పిల్లల గుంపు. ఎవరూ కనిపెట్టలేదు.

బుడ్డిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "చచ్చిపోవడం అంటే ఇదే బుడ్డీ. ఎంత పిలిచినా ఇంక రారు. నాన్న కూడా అంతే."

"పిల్లి పిలిచినా రాడా?"

"రాడమ్మా."

అది ఆ బొమ్మ మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. ఏడవలేదు. ఆ తర్వాత గ్యాస్ అతను వస్తే తలుపు తీసి, పక్కకి తప్పుకుని, దారి ఇచ్చింది. అంతే, ఇంకెవర్నీ అడగలేదు. వదిన నా చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

బుడ్డి మూడో తరగతికి వచ్చింది. పత్రిక అమ్మకాలు మాత్రం పడిపోయాయి. పిల్లల ఉత్తరాల్లో ఇప్పటికీ అదే గొడవ, నిచ్చెన మామయ్య ఎప్పుడొస్తాడని. ఒకరోజు మా సంపాదకుడు నన్నూ, కొత్తగా చేరిన ఆర్టిస్టు అమ్మాయినీ పిలిచాడు. మేమందరం ఆయన్ని పెద్దాయన అంటాం. నిజానికి నాకంటే చిన్నవాడే, పొట్ట పెద్దది.

"లేపెయ్యమ్మా వాణ్ణి," అన్నాడు.

"లేపడానికి అలారం పెట్టుకుని పడుకున్నాడా? చచ్చిపోయాడు సార్."

ఆయన పాత సంచిక నా ముందు పడేశాడు. "ఇది చచ్చిన మొహమా? హాయిగా కునుకు తీస్తున్నాడు. మీ అన్నయ్య చెయ్యి అబద్ధం ఆడదు. నువ్వు ఎంత రంగు పూస్తే మాత్రం దాగుతుందా?"

నాకు మండింది. నిజం కాబట్టే మండింది.

ఆర్టిస్టు అమ్మాయి మెల్లిగా నోరు విప్పింది. "ఒకసారి లేపేస్తే ఇంక మన పత్రికలో ఎవరు పోయినా పిల్లలు ఏడవరండి. ఎలాగూ వస్తాడులే అనుకుంటారు. వాళ్ళు అప్పుడు కార్చిన కన్నీళ్ళని మనం వెక్కిరించినట్టే కదా."

"బొమ్మకి చావేంటమ్మా, చోద్యం కాకపోతే! బొమ్మలోనైనా లేవకపోతే ఇంకెక్కడ లేస్తారు?" అన్నాడు పెద్దాయన.

ఆ అమ్మాయి చెప్పిందే సబబు. నాకు అప్పుడే తెలుసు. కానీ పెద్దాయన అన్న ఆఖరి మాట నాకు పట్టేసింది. ఆ అమ్మాయి కాగితం మీద ఊరికే నాలుగు గీతలు లాగి చూపించింది. భుజాన నిచ్చెన, ఆ వంకర నడక. అచ్చం అన్నయ్య గీతే. నాకు కావలసింది నిచ్చెన మామయ్య కాదు. వారంలో సగం రోజులు నాతో పోట్లాడడానికి మనిషి కావాలి. సరే రాస్తానన్నాను.

బుడ్డి గుర్తుకు రాలేదా? ఎందుకు రాలేదు! వచ్చింది. అయితే వదిన పత్రిక కొనడం ఎప్పుడో మానేసింది, అది చూడదులే అనుకున్నాను. పెద్దదైపోయింది, బొమ్మకీ మనిషికీ తేడా తెలియదా అనుకున్నాను. అయినా ఒక మాట వదిన చెవిన వేద్దామని ఫోన్ చేశాను. చదివేటప్పుడు కళ్ళు లాగుతున్నాయని చెప్పి, అద్దాల గురించి మాట్లాడి పెట్టేశాను. తేలు కుట్టిన దొంగ కూడా నాకంటే నయం.

కథ మాత్రం అదిరింది. మంచం మీద పడుకున్న నిచ్చెన మామయ్య దగ్గరికి పిల్లి వస్తుంది. అరికాలు నాకుతుంది. చక్కిలిగిలికి మామయ్య ఎగిరి కూర్చుంటాడు. చుట్టూ ఏడుస్తున్నవాళ్ళని చూసి, "అబ్బ, ఎంత నిద్ర పట్టేసిందీ! ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ లేపలేదేం?" అంటాడు. ఆ మాట రాసినప్పుడు నాకు నేనే నవ్వుకున్నాను. ఆర్టిస్టు అమ్మాయి మాత్రం నవ్వలేదు. బొమ్మలు వేసిచ్చి వెళ్ళిపోయింది.

సంచిక వచ్చాక ఒక సాయంత్రం కాసిని పళ్ళు కొనుక్కుని వదిన వాళ్ళింటికి వెళ్ళాను. వదిన అప్పుడే దుకాణం నుంచి వచ్చి వంటగదిలో చిక్కుడుకాయలు వలుస్తోంది. ముందుగదిలో బల్ల దగ్గర బుడ్డి. దాని ముందు మా పత్రిక. బడి లైబ్రరీ ముద్ర ఉంది దాని మీద.

"చదివావా?" అన్నాను, పళ్ళు బల్ల మీద పెడుతూ.

తలూపింది. మొహంలో సంతోషం లేదు, కోపమూ లేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టుంది.

"అత్తా, నిచ్చెన మామయ్య చచ్చిపోలేదా?"

"అంటే... బుడ్డీ... అది కథ కదమ్మా. బొమ్మ కాబట్టి..."

"నిద్రపోయాడు. అందరూ చచ్చిపోయాడనుకున్నారు. అంతేనా?"

"అంతే."

"పక్కింటి ఆంటీ అంది, నాన్న కూడా నిద్రపోతున్నట్టే ఉన్నాడని."

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది.

"నాన్నది వేరు బుడ్డీ. నాన్న నిజంగానే..."

"నువ్వు నిచ్చెన మామయ్యది కూడా నిజంగానే అన్నావు." గొంతు పెంచలేదు అది. గుర్తు చేసింది, అంతే. "ఆదివారాలు నాన్నని నేనే లేపేదాన్ని అత్తా. అరికాల్లో చక్కిలిగిలి పెట్టేదాన్ని. అమ్మ పిలిస్తే లేచేవాడు కాదు. నేను చక్కిలిగిలి పెడితేనే లేచేవాడు. ఆ రోజు నన్ను పక్కింటికి తీసుకెళ్ళిపోయారు. నేను వెళ్ళనని ఏడవాల్సింది. వాళ్ళింట్లో టీవీ ఉందని వెళ్ళిపోయాను."

పసిదాని నెత్తిన ఎంత పాపం పెట్టానురా దేవుడా అనిపించింది. నాన్నని తనే పోగొట్టుకున్నానని అనుకుంటోంది అది.

వదిన వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ బుడ్డి ముందు నేల మీద చతికిలబడింది.

"నేను లేపానమ్మా."

బుడ్డి తల్లి వైపు తిరిగింది.

"నువ్వు లేవకముందే లేపాను. మామూలుగా పిలిచాను, లేవలేదు. భుజం పట్టుకుని ఊపాను. మొహం మీద నీళ్ళు చల్లాను. అరికాల్లో చక్కిలిగిలి కూడా పెట్టాను, నువ్వు పెట్టినట్టే. చాలాసేపు పెట్టాను."

"గట్టిగా పెట్టావా?"

"గట్టిగానే పెట్టాను. కాళ్ళు చల్లగా ఉన్నాయి బుడ్డీ. రుద్దినా వేడెక్కలేదు. నువ్వు పెట్టినా లేచేవాడు కాదు. నీ తప్పేం లేదు. నాన్న చచ్చిపోయాడు."

ఆ మాట వదిన నోట వినడం నాకదే మొదటిసారి. బుడ్డి కుర్చీ దిగి తల్లి ఒళ్ళో పడి ఏడ్చింది. నాన్న పోయినప్పటి నుంచి ఏడవని పిల్ల, ఆ ఇల్లంతా వినబడేలా ఏడ్చింది. వదిన దాన్ని ఊరుకోమనలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, నా వైపు చూడనూ లేదు.

ఆ పొద్దున ఏం జరిగిందని నేను వదినని ఏనాడూ అడగలేదు. అడక్కుండానే 'ఒక్కరూ లేపలేదేం' అని రాసి, నవ్వుకుని, అచ్చుకి పంపించాను.