అడిగి తిన్నవాడు

సోమలింగం పాత పోగునూ కొత్త పోగునూ పక్కపక్కన పట్టుకుని వేళ్ల మధ్య మెలితిప్పాడు. సుద్దపొడి అంటిన బొటనవేలు చూపుడువేలి మీద ఒకసారి జారింది. పోగు అతుక్కుందో లేదో వేలికి తెలియలేదు. తల వంచి అతుకును కింది పెదవికి ఆనించాడు. పెదవికి తెలిసింది. తర్వాతి పోగు అందుకున్నాడు.

ఊళ్లో దీన్ని 'వైపని' అంటారు. మగ్గం మీద పడుగు చుట్టి ఉండే బీము అయిపోతే దాని పోగులకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా అతికే పని. అది పూర్తయ్యేదాకా ఆ మగ్గం ఆగి ఉంటుంది. చుట్టూ మిగతా మగ్గాలు కొట్టుకుంటూనే ఉంటాయి. సిరిసిల్ల పక్క ఊరినుంచి సోమలింగం ఈ పనికి సూరత్ వచ్చేనాటికి అతనికి మీసం సరిగా రాలేదు. ఇప్పుడు మీసం నెరిసింది. ఒకప్పుడు పక్కవాడితో కబుర్లు చెబుతూ బీము అతికేవాడు. షుగరు వచ్చాక ముందు పాదాలు మొద్దుబారాయి, తర్వాత వేళ్లు. పెదవి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పీట మీద ఇంకొకడు కూర్చుంటాడు. కరోనా వచ్చి మాస్కు పెట్టుకోమన్నప్పుడు భయపడ్డాడు. కానీ మగ్గాల యజమాని శేఠు ఫోటోగ్రాఫరుతో వచ్చిన రోజు తప్ప షెడ్డులో మాస్కు గురించి ఎవరూ అడగలేదు.

నిరుడు లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగినప్పుడు అతనూ భార్య లలితమ్మా దొరికిన లారీ ఎక్కి ఊరికి పోయారు. మగ్గాలు తిరగగానే శేఠు ఫోన్ చేయించాడు. సోమలింగం ఒక్కడే తిరిగి వచ్చాడు. మళ్లీ ఎప్పుడు మూస్తారో తెలియని ఊరికి ఇద్దరెందుకని లలితమ్మ బీడీలు చుట్టుకుంటూ అక్కడే ఉండిపోయింది. గోడాదరాలో వాళ్లు కాపురమున్న ఇల్లు వేరేవాళ్లకు పోయింది. రాత్రిపాళీలో మగ్గం నడిపే చిరంజీవి తన మేడమీది గదిలో చోటిచ్చాడు. ఇంటివాడి షరతు ఒకటే, గదిలో పొయ్యి వెలిగించకూడదు. పెళ్లయిన నాటినుంచి ఇంటి తిండి తిన్న మనిషి అలా గోపాల్ మెస్సుకు చేరాడు.

కొన్ని నెలలకు మెట్లెక్కితే ఛాతీ పట్టేయసాగింది. సర్కారు దవాఖానాకు వెళ్లాడు. డాక్టరమ్మ చిన్న వయసుది. విసుక్కోకుండా చెప్పింది. నూనె మొత్తం మానమనడం లేదు, ఏ నూనె అన్నదే ముఖ్యం అంది. డాల్డా వద్దు. ఒకసారి కాచిన నూనె మళ్లీ మళ్లీ కాస్తే అది అసలే వద్దు. పల్లినూనెనో నువ్వుల నూనెనో కొద్దిగా వాడండి, గుప్పెడు పల్లీలు తినండి, వీలైతే చేప తినండి. షుగరున్నవాళ్లకు గుండె తొందరగా దెబ్బతింటుంది.

మెస్సులో తింటానని సోమలింగం చెప్పాడు.

"అయితే అడిగి తినండి" అందామె. "ఏ నూనెతో వండారని అడగడానికి మొహమాటమెందుకు? అది మీ హక్కు."

సోమలింగం అడిగాడు. మొదటిసారి అడిగినప్పుడు గోపాల్ కౌంటరు దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఏం నూనె పోస్తున్నరు గోపాలూ?"

"నూనె నూనే కాక. పెట్రోలైతే గాదు."

మెస్సంతా నవ్వింది. రెండోసారి అడిగితే డాక్టరమ్మ ఇంట్లోనే తినిరమ్మన్నాడు. మూడోసారి అడిగినప్పుడు గోపాల్ చేతులు జోడించాడు.

"నీకు దండం పెడత. నీకు నచ్చిన నూనె నువ్వే తెచ్చియ్యి. ఐలవ్వ నీకు సపరేటు చేస్తది. ఇగనన్న నన్ను ఇడువు."

అప్పటినుంచి సోమలింగం గానుగ దుకాణంలో పల్లినూనె కొని వంటమనిషి ఐలమ్మ చేతికిస్తున్నాడు. కంచంలో కూర పడగానే పల్లినూనె వాసన వచ్చేది. ఆ వాసన చూసుకుని ధైర్యంగా తిన్నాడు. చాయ్ బండి దగ్గర నూనెలో వేయించిన గాఠియా మానేశాడు. పండక్కి శేఠు పంచిన డాల్డా మిఠాయి పొట్లం విప్పకుండానే చిరంజీవికి ఇచ్చేశాడు.

మొన్న మళ్లీ దవాఖానాకు పోతే రక్తంలో కొవ్వు ఇంకా పెరిగి ఉంది. డాక్టరమ్మ అతని మొహం కేసి చూసింది.

"మీరు నిజం చెప్పడం లేదు. చాటుగా ఏదో తింటున్నారు."

ఒట్టు వేయబోయి సోమలింగం ఆగిపోయాడు. అతని వెనక వరస బయటి గేటు దాకా ఉంది. వచ్చేశాడు. ఆ మాట మాత్రం అతన్ని వదల్లేదు. అబద్ధాలకోరని అతన్ని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం పాళీ విరామానికి పీట మీదినుంచి లేస్తూ మళ్లీ అదే గుర్తొచ్చింది.

గోపాల్ మెస్సులో ఒక మర్యాద ఉంది. కూర గిన్నె దింపగానే పైన ఎర్రగా నూనె తేలుతుంది. దాన్ని తరి అంటారు. తరిని అందరికీ సమానంగా వేయరు. వయసులో పెద్దవాడికి, పనిలో పెద్దవాడికి గరిటె వంచి ముందు వేస్తారు. తరి పడిన కంచం గౌరవమైన కంచం. వద్దని చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాళ్ల మొహం చిన్నబోతుంది. నూనె కోసం ముఖం వాచిన ఊళ్లనుంచి వచ్చినవాళ్లు పెట్టుకున్న మర్యాద అది. డాక్టరమ్మ చెప్పిన నాడే సోమలింగం తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఐలమ్మ రెండు రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు. పల్లినూనె తెచ్చిచ్చాకే మళ్లీ మామూలైంది.

ఆ రోజు వీధిలో పోలీసు జీపు తిరుగుతోంది. రెండో కరోనా వచ్చింది, గుంపు కనిపిస్తే జరిమానా అంటున్నారు. గోపాల్ షట్టరు సగం దించి జనాన్ని వెనక సందులోంచి లోపలికి పంపాడు. బెంచీలు నిండిపోవడంతో సోమలింగం వంటగది గడప పక్కన కంచం పట్టుకుని కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో అతను పొయ్యి వైపు చూసింది ఆ రోజే.

ఐలమ్మ పెద్ద గిన్నెలోంచి వంకాయ కూర గరిటెతో తీసి చిన్న గిన్నెలో వేసింది. మూలనున్న అతని డబ్బా తీసి, మూత తిప్పి, ఆ కూర మీద పల్లినూనె పోసింది. తరి లాగా నిండుగా పోసింది. పైట చెంగుతో గిన్నె అంచు తుడిచి అతని ముందుకు తెచ్చింది.

"ఐలవ్వా, గిదేంది?"

"ఏదన్నా?"

"పెద్ద గంజులకెల్లి తీస్తివి గద. నాది సపరేటు గాదా?"

"నీది సపరేటే అన్నా. సూడరాదు, నీ నూనెనే పోసిన. గిన్ని రోజులల్ల ఇంకొకలకు ఒక్క సుక్క పొయ్యలే. గోపాలు అడిగినా ఇయ్యలే, ఒట్టు."

"మరి కూర ఏం నూనెతోని వండినవు?"

"అందరికి వండినదాంతోనే. రెండే పొయ్యిలు, గిన్ని నోర్లు, నీ ఒక్కనికి యాడ వండాలె? డాక్టరమ్మ చెప్పిన నూనె అంటివి. మందు అన్నం తిన్నంక ఏసుకుంటరా, అన్నానికి బదులేసుకుంటరా? కూర మీదికెల్లి పోస్తే మందు తీర్గ పనిచేస్తదనుకున్న."

సోమలింగం కంచం కింద పెట్టాడు. ఇన్ని నెలలు అతను వద్దన్న నూనెను తింటూనే, దాని పైన కావాలన్న నూనెనూ తిన్నాడు. తరి వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె అతని నూనెతోనే అతనికి తరి పోసింది. తిట్టడానికి నోరు తెరిచాడు. ఐలమ్మ కళ్లలో భయం కనిపించింది. ఎవరూ చెప్పని విషయం ఆమెకెలా తెలుస్తుంది? డాక్టరమ్మ అతనికి చెప్పింది, అతను గోపాల్‌కు చెప్పాడు, గోపాల్ నవ్వాడు. ఐలమ్మ దాకా వచ్చింది డబ్బా, డాక్టరమ్మ పేరు మాత్రమే.

"నీ తప్పు లేదవ్వా" అన్నాడు.

పొయ్యి పక్కన ఇంకో పెద్ద డబ్బా ఉంది. సోమలింగం లేచి వెళ్లి వంగి చూశాడు. నూనె నల్లగా ఉంది. అడుగున ఫాఫ్డా ముక్కలు, గాఠియా పొడి, కాలిన మిరపకాయ తోకలు ఉన్నాయి. సందు చివర గాఠియా, ఫాఫ్డా వేయించి అమ్మే ఫర్సాణ్ దుకాణంలో పొద్దుట్నించీ కాచి, ఇక వేగదని తీసేసిన నూనె అది.

గోపాల్ లోపలికి వచ్చాడు.

"కాక, వంటింట్లకు రావద్దు. కరోనా టైము."

"గిది ఎవలు పారబోసిన నూనె గోపాలూ?"

"పారబోసింది గాదు. పైసలు పెట్టి కొన్నది."

"మాకు చెప్పినవా?"

"ఎవలన్న అడిగితే చెప్పకపోదునా?"

"నేనడిగిన. మూడు సార్లడిగిన."

బెంచీల మీదివాళ్లు వింటున్నారని తెలిసి గోపాల్ గొంతు పెంచాడు.

"గిందరు తింటున్నరు. ఎవడన్న సచ్చిండా? రోగం నీ ఒంట్ల పెట్టుకొని నా డబ్బ మీద పడుతున్నవు. గంత సోకైతే పైసలున్నోళ్లుండే ఆల్థాన్ల ఫ్లాటు కొనుక్కో, వంటమనిషిని పెట్టుకో, మబ్బుల లేసి వాకింగు చెయ్యి."

ఎవరో నవ్వారు.

"మీదికి నీ ఇంట్లకు ఏం నూనె పోతది?" సోమలింగం అడిగాడు.

గోపాల్ కాపురం మెస్సు పైనే. మెట్ల కింద పల్లినూనె డబ్బాలు ఖాళీవి పేర్చి ఉంటాయి. అందరూ వాటిని దాటుకునే చేతులు కడగడానికి వెళ్తారు.

సోమలింగం బెంచీల వైపు తిరిగాడు.

"అరే, నాకు షుగరున్నది, సరే. మీకు గుండెల్లేవా? ఒక్కలన్న అడుగుండ్రి."

ఎవరూ తల ఎత్తలేదు. చివరి బెంచీ మీది మగ్గంవాడు "పాళీ టైమైతుంది కాక" అన్నాడు. అని ఐలమ్మ వైపు కంచం చాపాడు. "అవ్వా, జర తరి ఎయ్యి."

సోమలింగం చేతులు కడుక్కుని బయటికి నడిచాడు.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పోగులు అతికాడు. ఆకలికి రెండు అరటిపళ్లు తిన్నాడు, డాక్టరమ్మ వాటినీ తగ్గించమంది. పెదవి ఎండిపోయి పోగు స్పర్శ సరిగా తెలియలేదు. నాలుకతో తడుపుకుని మళ్లీ చూసుకున్నాడు. పని మధ్యలో ఛాతీ పట్టేసింది. పీటకు ఆనుకుని, పట్టు విడిచేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

పాళీ దిగి వస్తూ లలితమ్మకు ఫోన్ చేశాడు.

"ఏం తిన్నవయ్యా?"

"తిన్న గని, అది ఇడిసిపెట్టు. నేనిగ మెస్సుల తినను. నేనే వండుకుంట."

"నువ్వా? నీకు అన్నం గంజి వార్చుడు గూడ రాదు."

"నువ్వు ఫోన్ల చెప్పు. నేను చేస్త."

లలితమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. తాలింపుకు నూనె ఎంత పోయాలో చెప్పింది, చెమ్చాతో పొయ్యి, డబ్బా వంచి పొయ్యకు అంది. పల్లీలు వేయించి పొడి కొట్టుకుంటే అన్నంలోకి అదే కూర అంది. రైలు నమ్మకంగా నడిస్తే తానే వస్తానంది. నడుస్తున్నంతసేపూ అతను ఊఁ కొట్టాడు.

గోడాదరా మలుపులో సామాన్లు పరిచి అమ్మే మనిషి దుకాణం కట్టేస్తున్నాడు. కర్ఫ్యూ టైము దగ్గరపడింది. సోమలింగం ఒక అల్యూమినియం కడాయి ఎంచుకుని వేలితో కొట్టి చూశాడు. అమ్మేవాడు మూతను దారంతో పిడికి కట్టి ఇచ్చాడు.

మేడ మెట్లు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కాడు. చిరంజీవి పాళీకి తయారవుతున్నాడు. కడాయి చూసి ఆశ్చర్యపోయాడు.

"కాక, ఇంటోడు ఒప్పుకోడు."

"కాలిన నూనె తినుమంటే అందరు ఒప్పుకున్నరు. నేను పొయ్యి ఎలిగిస్తే ఒప్పుకోరా? ఎల్లగొట్టమను. వరండల వండుకుంట, ఎవడొస్తడో సూస్త."

"రేపు మాట్లాడుదాం తియ్యి. మొకమంతా చెమటలున్నయి, జర పండుకో."

"పండుకుంట. రేపు నీకు గూడ వండుత."

చిరంజీవి నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

మరునాడు సోమలింగం షెడ్డుకు రాలేదు. తెల్లారి పాళీ దిగి గదికి వచ్చిన చిరంజీవి, అతను పడుకున్నచోటే పోయి ఉండటం చూశాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే కరోనా కేసులకే బండ్లు చాలడం లేదన్నారు. కరోనాయే అయి ఉంటుందని పక్క గదులవాళ్లు తలుపులు వేసుకున్నారు. మునిసిపాలిటీ వాళ్లు వచ్చారు, పరీక్ష చేయలేదు. చేయకుండానే ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోయారు. లలితమ్మ ఊరినుంచి వీడియో ఫోన్‌లో చూసింది. మొహం మీది ప్లాస్టిక్ ఒక్కసారి తీయమని అడిగింది. తీయలేదు.

మెస్సులో ఆ రోజు అదే మాట. గోపాల్ కౌంటరు దగ్గర నిట్టూర్చాడు.

"మంచోడే పాపం. షుగరుండె గద. నోరు కట్టుకోలే."

బెంచీల మీదివాళ్లు తలలూపారు. షెడ్డులోనూ అదే అన్నారు. శేఠు కూడా ఫోన్‌లో ఎవరితోనో అదే అన్నాడు, ఈ జనం తిండి దగ్గర ఆగరని.

ఐలమ్మ గరిటె పట్టుకునే వంటగదిలోంచి బయటికి వచ్చింది. ఆ మెస్సులో చేరిన నాటినుంచి ఆమె కౌంటరు ముందుకు వచ్చి మాట్లాడింది లేదు.

"ఆయన నోరు కట్టుకున్నడు గోపాలూ. నోరు తెరిచి అడిగిండు గూడ. మనమే పెట్టలే."

గోపాల్ ఏదో అనబోయాడు. ఆమె వినకుండా లోపలికి పోయింది. ఆ పూట గిన్నె మీద తేలిన తరిని ఎవరి కంచంలోనూ వేయలేదు.

ఇంటివాడు గదిలో క్రిమిసంహారక మందు కొట్టించి తాళం వేశాడు. తాళం పడకముందే చిరంజీవి తన బట్టల మూట, సోమలింగం పెట్టె తీసుకుని వేరే గదికి పోయాడు. కిటికీ గట్టు మీది కడాయిని మాత్రం ముట్టుకోలేదు. మూతను పిడికి కట్టిన దారం ఇంకా విప్పలేదు, అడుగున మసి లేదు.