హోల్డాన్ అనేదాకా

బస్సు ముందు అద్దం తుడవడానికి పాత పేపరును మించింది లేదు. ముప్పై రెండేళ్ళుగా అతనిది అదే మాట, అదే పద్ధతి. నీళ్ళు చల్లి, కాగితాన్ని ఉండ చుట్టి, పైనుంచి కిందికి బరబరా రుద్దాడు. ఒక పురుగు మరక మొండికేసింది. గోటితో గీకాడు. సరిగ్గా ఆ మరక వెనకే, లోపల, డ్రైవరు పక్కనుండే ఒంటి సీటులో భార్య కూర్చుని ఉంది. ఎర్ర స్వెట్టరు, ఒళ్ళో గుడ్డ సంచి. మరక పోయాక ఆమె మొహం శుభ్రంగా కనిపించింది. అతను బకెట్టు తీసుకుని రెండో వైపుకు వెళ్ళాడు.

"ఆ గుండీలు పెట్టుకో. అలా వదిలేస్తే ఫోటోలో దిండు గలీబులా ఉంటావు."

"ఇప్పుడేం ఫోటో? ఇంకా బస్సు కదలనే లేదుగా."

"చెప్పింది చెయ్యి."

ఆమె గుండీలు పెట్టుకుంది.

పెళ్ళయ్యాక ఆమె అతని బస్సు ఎక్కడం ఇదే మొదలు. బస్సులు నాలుగు మారాయి కానీ ఉద్యోగం అదే. వచ్చిన టూరిస్టులను పొద్దున ఎక్కించుకుని, సరస్సు, వంతెన, కొండ చూపించి, సాయంత్రానికి దించడం. కొత్తలో ఆమె తనూ వస్తానని అడిగేది. సీటు ఖాళీ లేదనేవాడు. మొదట్లో అది నిజమే. తర్వాత అది అలవాటైంది. తర్వాత ఆమె అడగడం మానేసింది. ఆ మానేసిన రోజు ఏదో అతనికి తెలియదు.

ఇవాళ తీసుకొచ్చింది కూడా ప్రేమ పొంగి కాదు. కంపెనీ మనుషుల్ని పెట్టమంది, అందుకు.

కంపెనీ అంటే బస్సు కంపెనీ కాదు. ఫోటోలు, వీడియోలు అమ్మిపెట్టే కంపెనీ. ఎక్కడుందో అతనికి తెలియదు. ఫోనులో ఉంటుంది. నాలుగేళ్ళ కిందట గైడు చెప్పాడు: "అన్నా, నువ్వు రోజూ తిరిగే చోట్లకు జనం అప్పులు చేసి వస్తున్నారు. ఓ ఫోటో తీసి దీంట్లో పెట్టు. కొన్నవాడు కొంటాడు. కూర్చున్న చోటికే డబ్బు." అప్పటినుంచి టూరిస్టులు దిగగానే అతనూ దిగడం మొదలుపెట్టాడు. అప్పుడుగానీ తెలియలేదు, ఇన్నేళ్ళూ తను చూసింది పార్కింగు స్థలాలనని.

తొమ్మిది వందల పైచిలుకు పంపాడు. తీసుకున్నవి ముప్పై ఒకటి. మిగతావాటికి ఒకటే జవాబు: 'ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి.' మంచులో తడిసి, బండల మీద మోకాళ్ళు దోక్కుపోయి తీసిన సూర్యోదయానికి కూడా అదే జవాబు. అది చదివినప్పుడల్లా ఫోటోను కాదు, తనను అన్నట్టే ఉండేది. ఇన్నిట్లో కాస్త అమ్ముడుపోయింది ఒక్కటే. ఫోను జేబులో పెట్టుకుంటుంటే వేలు తగిలి, దానంతటదే పడిన తడి సిమెంటు నేల ఫోటో. పదకొండు మంది కొన్నారు. అది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వచ్చే నెలాఖరుకు అతన్ని స్టీరింగు మీంచి దింపేస్తున్నారు. కంటి పరీక్షలో తప్పాడు. ఇక మిగిలింది ఈ ఫోను పనే. ఆ కంపెనీ కూడా పోయినవారం ఓ ముక్క రాసింది. కొండలూ నీళ్ళూ చాలు, వాటిలో మనుషులు కదిలే వీడియోలు కావాలి, ఈ ఆదివారంలోగా ఒక్కటైనా మెచ్చేది రాకపోతే ఖాతా మూసేస్తాం. ఇవాళ ఆదివారం.

*

సరస్సు దగ్గర టూరిస్టులు గైడు వెనక బిలబిలా పోయారు. అతను భార్యను కట్ట మీద నిలబెట్టి పది అడుగులు వెనక్కి నడిచాడు.

"వెనక్కి తిరుగు."

"నీళ్ళవైపా?"

"నావైపు కాకుండా ఎటైనా సరే. మొహం పడకూడదు."

మొహం పడితే ఆ మనిషి సంతకంతో ఒక కాగితం పంపాలి. కాగితం అతని దగ్గరుంది. నిన్న ఆమె ముందు పెట్టాడు. ఆ సమయానికి గైడు ఇంటికి వచ్చి ఉండకపోతే సంతకం పెట్టేసేదేమో. "వదినా, చూసి పెట్టు. ఆ ఫోటో ఎవరు కొంటారో మనకు తెలీదు. రేపు మలబద్ధకం మందు డబ్బా మీద ఏడుపుమొహంతో నువ్వే ఉంటావు" అన్నాడు. ఆమె కడుపుబ్బ నవ్వింది. నవ్వి, పెన్ను కింద పెట్టేసింది. "నా మొహం ఎవరి దగ్గరుందో నాకు తెలియకపోతే ఎలా?" అంది. అందుకే ఇవాళ వీపు.

"ఇప్పుడు నడు. రైట్... రైట్... రైట్..."

బస్సును వెనక్కి తీయించేటప్పుడు చెప్పే మాటలే అతనికి నోట్లో తిరుగుతాయి. కదలమంటే రైట్, ఆగమంటే హోల్డాన్. ఇంట్లోనూ అంతే. ఆమె బీరువా జరుపుతున్నా, పొయ్యి మీది గిన్నె దింపుతున్నా అవే మాటలు. ఆమెకు కొత్త కాదు. రైట్ అంటే నడిచింది.

"హోల్డాన్. చేతులు అలా బిగబట్టావేంటి? బిందె మోస్తున్నావా? మళ్ళీ."

మళ్ళీ నడిచింది. టూరిస్టుల పిల్ల ఒకతె అడ్డం పరిగెత్తింది. మళ్ళీ. ఈసారి ఎండ మబ్బులోకి పోయింది. మళ్ళీ. అయిదోసారి సగంలో ఆమె ఆగిపోయింది. నీళ్ళలోకి వంగి చూస్తోంది.

"హోల్డాన్ అన్నానా నేను?"

"చేప పైకి లేచిందండీ. ఇంతుంది."

"చేపల్ని చూడటానికి కాదు వచ్చింది."

ఆమె కట్ట మొదటికి వెళ్ళి, వెనక్కి తిరిగి నిలబడింది. రైట్ అన్నాక నడిచింది.

*

రోడ్డు మీద గైడు మైకు పక్కన పెట్టి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎలా ఉంది వదినా సరస్సు?"

"మీ అన్నను అడుగు. ఆయనే చూశారు."

"వినపడిందా అన్నా? వదిన బాణం వేసింది."

"బాణాలు తగలాలంటే నాకు ఖాళీ ఉండాలి" అన్నాడు అతను, గేరు మారుస్తూ. గైడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. పక్క కిటికీలోంచి చూసేందుకు మెడ తిప్పింది. ఆ కిటికీకి బస్సు కంపెనీ ప్రకటన అంటించి ఉంది, లోపలినుంచి నల్లటి చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. మళ్ళీ ముందుకు తిరిగింది. ముందు రోడ్డుంది. అతను ముప్పై రెండేళ్ళు చూసింది కూడా ఆ రోడ్డునే.

"మా చెల్లెలు మనమెళ్ళే కొండ కిందే ఉంటుంది, తెలుసా?" అంది గైడుతో. "రమ్మని రమ్మని దాని నోరు నొప్పి పుట్టింది. ఇద్దరం కలిసి పదేళ్ళయింది."

"వెళ్ళొచ్చుగా?"

"సీటు దొరకొద్దూ?"

అతను హారను కొట్టాడు. ఎదురుగా ఏ బండీ లేదు.

*

వంతెన దగ్గర హోటల్లో టూరిస్టులు భోజనానికి కూర్చున్నారు. డ్రైవర్లకు వంటగది పక్కన వేరే బల్ల. గోడ నూనె మరకలతో జిడ్డుగా ఉంది. హోటలు ఇంటర్నెట్టు వాడుకుని సరస్సు వీడియోల్లో మంచివి మూడు ఎక్కించాడు. ఆమె ఎదురుగా కూర్చుని తింటోంది. అతను తినలేదు. ఫోను వంకే చూస్తూ చల్లారిన టీ తాగాడు.

చూసేది మనిషి కాదు, యంత్రమంటాడు గైడు. అందుకే జవాబు తొందరగా వస్తుంది. అరగంటలో వచ్చింది. మూడింటికీ ఒకటే: 'వ్యక్తి కదలిక సహజంగా లేదు.'

రెండుసార్లు చదివాడు. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు.

"నడవడం కూడా రాదా నీకు?"

పక్క బల్ల దగ్గర గిన్నెలు తీస్తున్న మనిషి చేయి ఆగింది. ఆమె ముద్ద నమిలి మింగింది. నీళ్ళు తాగింది.

"వంటింటికీ హాలుకీ మధ్య తప్ప నడిచిందెక్కడ?"

"ఊరికే నడవమంటే నడవలేవు. పసిపిల్ల నడుస్తుంది. కుక్క నడుస్తుంది. నాలుగేళ్ళ నా కష్టం నీ రెండు కాళ్ళ దగ్గరకొచ్చి ఆగింది."

"మీరు రైట్ అంటే నడిచాను, హోల్డాన్ అంటే ఆగాను" అంది ఆమె, గొంతు పెంచకుండా. "అలా నడిస్తే బస్సులాగే ఉంటుంది. మనిషిలా ఎలా ఉంటుంది?"

ఇలాంటప్పుడు ఎప్పుడూ చేసే పనే అతను చేశాడు. లేచి టైర్లు తన్ని చూడటానికి వెళ్ళాడు. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ తన్నాడు.

*

కొండ మీదికి చేరేసరికి మూడున్నర దాటింది. టూరిస్టుల్ని గైడు పైన లోయను చూసే గట్టుకు తీసుకుపోయాడు. అక్కడికి వెళ్ళి వస్తానని ఆమె అడిగింది. త్వరగా రా, వెలుగు పోతుందన్నాడు. పావుగంటలో దిగి వచ్చింది. పైన ఏం చూశావని అతను అడగలేదు. ఆమె మొహం మాత్రం చలిగాలికి ఎర్రబడి ఉంది.

గట్టు కిందినుంచి ఒక కాలిబాట లోయవైపు దిగుతుంది. రెండు పక్కలా నడుమెత్తు ఎండుగడ్డి. ఆ చివర, కింది రోడ్డు మలుపు. ఎండ గడ్డి మీద ఏటవాలుగా పడుతోంది. ఎండ కొండ వెనక్కి పోతుంది, ఇలాంటి వెలుగు ఇరవై నిమిషాలకు మించి ఉండదు. అది పోతే అతనికి ఆదివారం అయిపోయినట్టే, ఖాతా కూడా పోయినట్టే.

"ఆ సంచి కూడా చేత్తో పట్టుకో. ప్రయాణంలో ఉన్న మనిషిలా ఉంటావు."

ఆమె బస్సులోకి వెళ్ళి సంచి తెచ్చుకుంది.

"చూడు. ఈసారి మధ్యలో నేనేం అనను. నీ ఇష్టం వచ్చినట్టు నడు. హోల్డాన్ అనేదాకా ఆగకు. వెనక్కి చూడకు."

"మీరు అనకపోతే?"

"అంటాలే. రైట్."

ఆమె ఒక క్షణం అలాగే నిలబడి బాట వైపు చూసింది. తర్వాత కదిలింది.

మొదటి పది అడుగుల్లోనే అతనికి తెలిసిపోయింది. చేతులు వదులుగా ఊగుతున్నాయి. సంచి మోకాలికి తగిలి తగిలి లేస్తోంది. ఒకచోట గడ్డిపోచ తెంపింది, నాలుగడుగులు నడిచి పారేసింది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఎర్ర స్వెట్టరు మీద ఎండ అంచు కట్టింది. అతను ఫోను కదలకుండా మోచేతిని పొట్టకు నొక్కిపెట్టాడు. ఇంకొంచెం పోనీ అనుకున్నాడు. ఇప్పుడు హోల్డాన్ అంటే ఉలిక్కిపడుతుంది, పాడైపోతుంది. ఇంకొంచెం.

తెరమీద ఆమె చిటికెన వేలంత అయింది. తర్వాత గోరంత. ఏ మనిషినీ ఇంతసేపు అతను కళ్ళార్పకుండా చూసి ఉండడు. ఆమె బాట దాటి కింది రోడ్డు మీదికి దిగింది. దిగి నిలబడింది. నిలబడటం కూడా బాగుంది. మలుపులోంచి ఊరి బస్సు వచ్చింది. అయ్యో, బస్సు అడ్డం పడిందే అనుకున్నాడు. ఆమె చేయి ఎత్తింది. బస్సు ఆగింది.

గాలి ఇటు వీస్తోంది కాబట్టి కండక్టరు కేక పైకి కూడా వినిపించింది.

"రైట్, రైట్!"

బస్సు వెళ్ళిపోయాక ఖాళీ రోడ్డును ఇంకో అర నిమిషం తీశాడు. ఎందుకో అతనికే తెలియదు. అప్పుడు అన్నాడు, "హోల్డాన్." వినేవాళ్ళు లేరు.

గైడు టూరిస్టుల్ని లెక్కపెట్టుకుంటూ దిగి వచ్చాడు. "వదిన వెళ్ళిపోయిందా? కింద నాలుగింటి బస్సు దొరుకుతుందా అని పైన అడిగింది. చెల్లెలింటికట. నీకు చెప్పాననే అందే."

"ఆఁ" అన్నాడు అతను.

బస్సు వెనక్కి వెళ్ళి ఫోను చేశాడు. ఆరోసారి మోగాక ఎత్తింది.

"ఎక్కడ?"

"బస్సులో. కిటికీ సీటు దొరికింది." ఇంజను మోత, ఎవరిదో దగ్గు. "లోయంతా కనిపిస్తోందండీ."

"ఎప్పుడొస్తావు?"

ఆమె విననట్టుంది. విన్నదేమో కూడా. ఎవరితోనో, ఇక్కడ కాదు, తర్వాతి స్టాపు అని చెప్తోంది. లైను పోయింది. మళ్ళీ చేశాడు. మోగింది, ఎత్తలేదు.

టూరిస్టులు ఎక్కుతున్నారు. అతను వీడియో చివరనున్న బస్సును కత్తిరించేసి, మిగతాది ఎక్కించాడు. చేతులు ఆ పని వాటంతటవే చేశాయి. ఆఖరి టూరిస్టు కూర్చుని, గైడు మైకు అందుకునే లోపే ఫోను టింగుమంది. అంగీకరించారు. ఇలాంటివి మరిన్ని పంపమని కింద రాశారు. అంతకు ముందు ఆ మాట ఎప్పుడూ రాలేదు.

"ఏంటన్నా, వచ్చిందా? తీసుకున్నారా?" గైడు భుజం మీద చరిచాడు. "పార్టీ ఇవ్వాలి. వదిన కాళ్ళకు దండం పెట్టాలి నువ్వు."

అతను తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. అలవాటు లేకపోయినా పక్కకు చూశాడు. ఒంటి సీటు మీద రెక్సిను ఇంకా కొద్దిగా గుంటపడి ఉంది. ఆ గుంటలో ఒక చిన్న అట్టముక్క. పైన గట్టు మీదుండే దుర్భిణిలో చూడటానికి అమ్మే టికెట్టు. రెండు గుండ్రటి అద్దాల బొమ్మ, దాని కింద నీలం అక్షరాలు. చూసినవాళ్ళ టికెట్టుకు అక్కడి మనిషి మూల మీద చిల్లు పొడుస్తాడు. త్వరగా రమ్మన్నాడు కదా, వరసలో నిలబడే టైము లేకపోయి ఉంటుంది. దీనికి చిల్లు లేదు. 'ఒకరికి, ఒక్కసారి' అని రాసి ఉంది.