రెండు బోర్డుల మధ్య నేను

నేను ఒక సర్క్యూట్ బోర్డును. అరచేతికంటే కాస్త పెద్దదాన్ని. ఒళ్ళు పచ్చన, ఆ ఒంటినిండా చిన్న చిన్న దీపాలు. నన్ను చేసింది ముచ్చటపడి కాదు, ఎదుటివాడి తప్పు నిరూపించడానికి. మనుషులు ఎంత శ్రద్ధగా పనిచేయగలరో చూడాలంటే వాళ్ళకు అలాంటి అవకాశం ఒకటి ఇచ్చి చూడండి.

భీమవరంలో రొయ్యల చెరువులకు యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ నా పుట్టిల్లు. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గగానే ఏరేటర్లను, అంటే నీటిని చిలికే ఫ్యాన్లను, దానంతట అదే తిప్పే పెట్టె ఒకటి అక్కడ తయారవుతోంది. పెట్టెలో కింద మైక్రోకంట్రోలర్ బోర్డు. ఆలోచన దాని పని. దానిమీద ఇంకో బోర్డు; నీటి కొలతలు తేవడం, ఫ్యాన్లను తిప్పడం దీని పని. పై బోర్డు సుభాషిణి గీసింది. కిందిదానికి ప్రోగ్రాం సాల్మన్ రాశాడు. ఆ పెట్టె చక్కగా పనిచేస్తూ చేస్తూ ఉన్నట్టుండి మూగబోయేది.

"నీ ప్రోగ్రాంకి పిచ్చెక్కింది, చూసుకో" అనేది సుభాషిణి.

"నా ప్రోగ్రాం బంగారం. నీ బోర్డుకే నిలకడ లేదు" అనేవాడు సాల్మన్.

యజమాని సూర్యచంద్రరావు గారు ఇద్దరికీ కాఫీ తెప్పించి, "కాస్త పాజిటివ్‌గా ఆలోచించండమ్మా" అని చెప్పి కారెక్కేవారు.

ఆ పంతంలోనే సుభాషిణి నన్ను గీసింది. ఫ్యాక్టరీ నుంచి రాగానే తన చేత్తోనే లోహం కరిగించి నా ఒంటికి సోల్డర్ అతుకులు పెట్టింది. రెండు బోర్డుల మధ్య నన్ను ఇరికించింది. ఇక పైనుంచి కిందికి వెళ్ళే ప్రతి తీగా నా మీదుగానే వెళ్ళాలి. ఒక్కొక్క తీగకు ఒక దీపం, దారి తెంచడానికి ఒక చిన్న స్విచ్చి, మీటరు తగిలించడానికి ఒక పిన్ను. నా కన్నుగప్పి ఏదీ పోలేదు.

మొదటి పరీక్షలోనే దొంగ దొరికాడు. నిజానికి ఇద్దరు దొరికారు. ఫ్యాన్లను తిప్పే కరెంటు మీట, అంటే రిలే, టక్కుమనగానే కరెంటు తీగ దీపం మసకబారింది. అది సుభాషిణి బోర్డు లోపం. ఆ దెబ్బకు మైక్రోకంట్రోలర్ ఆగిపోయి, మళ్ళీ లేచి, లేస్తూనే ఫ్యాన్లన్నీ ఆపేసి, తెరమీద 'అంతా క్షేమం' అని రాసింది. ఆ అబద్ధం సాల్మన్‌ది.

"చూశావా నీ ప్రోగ్రాం!" అని ఆమె, "చూశావా నీ కరెంటు!" అని అతను. ఇద్దరూ గెలిచారు. పెట్టె మాత్రం అలాగే ఉంది.

అలాగే ఉన్న పెట్టెను, నేను లోపల ఉండగానే, సూర్యచంద్రరావు గారు బలరామరాజు గారి చెరువు మీద పెట్టించారు. మాటిచ్చేశారట. బిగించడానికి సుభాషిణి, సాల్మన్ ఇద్దరూ వచ్చారు. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది, గాలి ఆగిపోయింది, నీళ్ళలో ప్రాణవాయువు పడిపోయింది. రిలే టక్కుమంది. ఫ్యాన్లు తిరగబోయి ఆగిపోయాయి. తెర మాత్రం 'అంతా క్షేమం' అంది.

"అయ్యో, రొయ్యలు తేలిపోతున్నాయండీ!" బలరామరాజు గారు గట్టుమీద పరుగెత్తుకొచ్చారు.

"కరెంటు పడిపోయిందండి, అది బోర్డు వల్ల..." సాల్మన్ మొదలుపెట్టాడు.

"కాదండీ, లేచాక ఫ్యాన్లు వెయ్యాల్సిన ప్రోగ్రాం..." సుభాషిణి అడ్డుపడింది.

"తప్పెవరిదో ఆనక తేల్చుకుందురు గానీ, ముందు నా చెరువు సంగతి చూడండమ్మా! ఈ పంట పోతే నేను మళ్ళీ లేవలేను."

సుభాషిణి నోరు మూసుకుని మూత తెరిచింది. నా మీది స్విచ్చి నొక్కి మైక్రోకంట్రోలర్ దారి తెంచేసింది. నా పిన్ను నుంచి చిన్న తీగ వేసి రిలేకు నేరుగా ప్రాణం పోసింది. ఫ్యాన్లు గర్రుమన్నాయి. నీళ్ళు తెల్లగా నురగలు కక్కాయి. సాయంత్రానికి రొయ్యలు అడుక్కి దిగాయి.

"మీ పెట్టె మీరు పట్టుకుపోండి" అన్నారు బలరామరాజు గారు. "ఆ పచ్చముక్క మాత్రం ఉంచండి. మీ అందరిలో నిజం చెప్పేది అదొక్కటే అనిపిస్తోంది." కానీ పెట్టెతోపాటు నన్నూ వెనక్కి తెచ్చేశారు.

తర్వాత సుభాషిణి కరెంటు నిలబడేలా తన బోర్డులో పెద్ద కెపాసిటర్ పెట్టింది. సాల్మన్ ప్రోగ్రాం మార్చాడు. "తప్పు నాది" అని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. "కాస్త మెరుగుపరిచాను" అన్నారు. పెట్టెలు అమ్ముడుపోయాయి.

సూర్యచంద్రరావు గారికి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నన్ను ఆఫీసు ముందుగదిలో అద్దాలపెట్టెలో పెట్టించి, 'మా విజయ రహస్యం' అని రాయించారు. నన్ను బోర్లా పెట్టారు. సోల్డర్ చుక్కలు తళతళలాడతాయట. వచ్చిన పెద్దమనుషులు నా వీపు చూసి తలలూపేవారు.

ఈలోగా లోపలిగదిలో కొత్త పెట్టె మూగబోయింది. నన్ను అందులో ఇరికించి లోపం పట్టుకోవాలని సుభాషిణి అద్దాలపెట్టె తాళంచెవి అడిగింది.

"మంత్రిగారు చూసెళ్ళాక తీద్దాంలేమ్మా" అన్నారాయన.

"ఈ పెట్టె రేపు చెరువు మీదికి వెళ్తోందండీ!"

"కాస్త పాజిటివ్‌గా..." అంటూ ఆయన కారెక్కారు.

సుభాషిణి సాల్మన్ వంక చూసింది. సాల్మన్ పైపంచెలా భుజాన వేసుకున్న తువ్వాలు తీసి అద్దం మీద కప్పి, రెండు చేతులా అదిమిపట్టాడు. ఆమె సుత్తి ఎత్తింది.

తప్పెవరిదన్న మాట రాకుండా వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.