చీకట్లో తెల్ల ముద్ద

పొద్దు గుంకితే చాలు, మున్సాకాకు లోకమంతా ఒకటే నల్ల గోడ. ఈ సంగతి మోంజే ఊరి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆయన మాత్రం ఒప్పుకోడు. తన కళ్ళు భేషుగ్గా ఉన్నాయనీ, ఈ మధ్య సాయంత్రాలే నాసిరకంగా వస్తున్నాయనీ ఆయన వాదన.

భార్య చోల్వే కొన్నాళ్ళు నవ్వి ఊరుకుంది. తన తల్లి సంగతి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అక్కడి ఆచారం ప్రకారం అత్తగారు ఎదురొస్తే అల్లుడు పొదలో దూరైనా సరే తప్పుకోవాలి, ముఖం చూడకూడదు. ఒక మునిమాపువేళ మేక ఎదురొస్తే మున్సాకా మర్యాదగా ముళ్ళపొదలో దూరి తల వంచుకు కూర్చున్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే అసలు అత్తగారు దుంగ మీద కూర్చుని ఉంటే, వెళ్ళి పక్కనే చతికిలబడి, "హెయ్, జరుగు!" అని వీపు మీద ఒక్కటి చరిచాడు. మేకనుకున్నాడు మరి.

పుట్టింటివాళ్ళు పెట్టకోడిని దండుగ వేసి, ఇంకోసారి ఇలా జరిగితే పిల్లను తీసుకుపోతామన్నారు. కళ్ళు కనబడలేదయ్యా అని ఒక్కమాట అంటే పోయేది. అనలేదు. గుడ్డివాడనిపించుకోవడంకన్నా పొగరుబోతు అనిపించుకోవడమే ఆయనకు నయం. ఆ పొగరుకు కాపురం పోగొట్టుకోవడానికి చోల్వే సిద్ధంగా లేదు.

ఆస్పత్రికి వెళ్ళి చెబితే, నర్సు అడగాల్సినవన్నీ అడిగింది. పశువులు జబ్బుచేసి పోయాక ఇంట్లో పాలూ పెరుగూ లేవు. మిగిలింది తెల్ల మొక్కజొన్న పిండితో కలిపే నషీమా ముద్ద, చిక్కుడుగింజలు.

"మీ ఆయనకి విటమిన్ ఎ చాల్లేదమ్మా. నారింజరంగు మొక్కజొన్న పిండి వండు, గుమ్మడాకులో పల్లీపొడి బాగా దట్టించు. చూపు అదే వస్తది" అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మున్సాకా ఇంతెత్తున లేచాడు. "ఆకులు తినడానికి నేను మేకనా? ఆ రంగు పిండా? కరువులో మా అమ్మ సంచి పట్టుకుని వరసలో నిలబడి తెచ్చిన ముష్టి పిండి! తెల్లముద్ద తినలేని రోజున నన్ను పాతిపెట్టు."

"అది పసుపు, ఇది నారింజ. వేరే గింజ" అంది చోల్వే.

"ముష్టికి రంగుల తేడా కూడానా?"

అని, బస్టాండులో గద్ద బొమ్మ ఉన్న సీసా కొనుక్కొచ్చాడు. అందులో మాత్రలు ఏమిటో అమ్మినవాడికే తెలియదు. సీసాలో ఉంటే మందు, పొలంలో పండితే ముష్టి! ఇలాంటి బుర్రకు ఏ నర్సు మాత్రం ఏం చెబుతుంది? సీసా ఖాళీ అయింది. ఆయన చూపు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

అప్పుడు చోల్వేకు ఒక ఆలోచన వచ్చింది. చీకటిపడ్డాక ఈయనకు ఏ రంగైనా ఒకటే కదా? మరునాటి నుంచి భోజనం పొద్దు గుంకాకే పెట్టింది. కిరసనాయిలు అయిపోయిందని లాంతరు అటకెక్కించింది. మసకచీకట్లో తడుముకుంటూ నారింజ నషీమా కలిపింది. గుమ్మడాకును పల్లీల్లో మెత్తగా మెదిపి చిక్కుడులో కలిపేసింది.

"ఈ మధ్య ముద్ద తియ్యగా ఉంటోందే?" అన్నాడు.

"కొత్త మర పెట్టారు మైంబో నాన్నా, తిను" అంది చోల్వే, బిడ్డ పేరు కలిపి పిలుస్తూ.

వారాలు గడిచాయి. ఒక సాయంత్రం కుండ అంచు తగిలి ఆమె చెయ్యి బొబ్బలెక్కింది. నోట్లో కొంగు కుక్కుకుని ముద్ద కలిపింది.

అంతలో ఆమె మేనమామ హామ్వీంబా వచ్చాడు. సరిగ్గా భోజనాల వేళకే వచ్చాడు. పళ్ళెంలోకి చూసి ముందుకు వంగాడు.

"అల్లుడూ, ఒక్క మాట తేల్చుకుపోదామని వచ్చా. నీకు కళ్ళు లేవా, ఒళ్ళు కొవ్వా? కళ్ళు లేకపోతే దండుగ వాపసు. కొవ్వయితే పిల్ల ఇప్పుడే నా వెంట వస్తది. ఈ ముద్ద ఏం రంగో చెప్పు."

తెల్లగా ఉందంటే గుడ్డివాడు. నారింజ అంటే ముష్టి పిండి తిన్నవాడు. మున్సాకా చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు.

"నారింజ" అన్నాడు చివరికి. "అప్పుడు కళ్ళు లేవు మావా. ఇప్పుడొచ్చాయి. వచ్చి చాన్నాళ్ళయింది."

చోల్వే చేతిలో గరిటె ఆగిపోయింది. "చాన్నాళ్ళయిందా?"

"కళ్ళొచ్చాయని చెబితే ఇది వండటం మానేస్తావని…"

"నా చెయ్యి కాలిన రోజు?"

ఆయన తలెత్తలేదు. "చూశాను. చెబితే ఈ పిండి తింటున్నానని ఒప్పుకోవాలిగా. సిగ్గుపడి నోరు మూసుకున్నా."

ఆమెకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "లాంతరు పెట్టుకోకుండా గుడ్డిదానిలా వండింది నేను! కళ్ళున్న మహానుభావుడు కూర్చుని మింగాడు! మావా, దండుగ నాకు రావాలి. రేపట్నుంచి కుండ ఈయనే కలుపుతాడు. వాకిట్లో, లాంతరు పెట్టుకుని, అందరూ చూస్తుండగా."

"మగాడు నషీమా కలపడమేంటే?" అన్నాడు మేనమామ.

"కలుపుతాను" అన్నాడు మున్సాకా.

మరునాడు వాకిట్లో లాంతరు వెలిగింది. చెమటలు కక్కుతూ మున్సాకా తెడ్డు తిప్పుతుంటే, వీధంతా కంచె దగ్గర చేరి సలహాలిచ్చింది. ముద్ద ఉండలు కట్టింది, అడుగు మాడింది. చోల్వే కాలిన చెయ్యి ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో మొత్తం తింది.